సిరిధాన్యాల దుకాణంలో ఎనిమిది నెలలు: కొనదగినవి, మానదగినవి

హైదరాబాదు తార్నాకలో మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే, ఒక పాత డాబా ఇంటి కింది భాగంలో సిరిధాన్యాలు, దంపుడు బియ్యం, గానుగ నూనెలు అమ్మే దుకాణం ఉంది. లోపల ఎడమ చేతి వైపు నోరు తెరిచిన సంచులలో ధాన్యాలు, కుడి వైపు అద్దాల బీరువాలో రంగురంగుల పొట్లాలు, వెనక గదిలో మోటారుతో తిరిగే చెక్క గానుగ, దాని పక్కన చిన్న పిండి మర ఉంటాయి. గుమ్మం బయట రేకుల పందిరి కింద ఉదయం ఇడ్లీ, జావ, సాయంత్రం జొన్న రొట్టెలు అమ్ముతారు. గుమ్మం మీది బోర్డులో దుకాణం పేరు కన్నా పెద్ద అక్షరాలతో "బీపీ, షుగర్, థైరాయిడ్‌లకు శాశ్వత పరిష్కారం" అని రాయించారు. ఆ ఒక్క వాక్యం చూసే నేను చాలా కాలం ఆ గుమ్మం తొక్కలేదు.

తొక్కవలసిన అవసరం మా వారి రక్త పరీక్షతో వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.3 ఉంది. 6.5 నుంచి మధుమేహంగా లెక్కిస్తారు, 5.7 నుంచి 6.4 దాకా దాని వాకిలి. డాక్టరు మందులేమీ రాయకుండా, తిండి మార్చుకుని రోజూ నడిచి ఆరు నెలల తరువాత రమ్మన్నారు. "తిండి మార్చుకోండి" అన్న మాట హైదరాబాదులో ఈ రోజుల్లో ఎవరి చెవిన పడినా ముందుగా తట్టేది సిరిధాన్యాలే కాబట్టి, మేమూ అక్కడికే వెళ్లాము. ఎనిమిది నెలలుగా నెలకు రెండు మూడు సార్లు కొంటున్నాను కనుక, దాదాపు ప్రతి సరుకునూ వండి చూశాను. ఇందులో కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి. అవి ఈ ఒక్క చోటివే కావు, నేను చూసిన మరి రెండు మూడు దుకాణాలలోనూ ఇదే తీరు. అందుకని పేరు రాయడం లేదు.

మొదట కొన్నది దంపుడు బియ్యం, కిలో 95 రూపాయలు. పేరు దంపుడే గాని రోకలి పోటు ఎరగనివి. మరలో ఊక మాత్రం ఊడదీసి తవుడు పొరను అలాగే వదిలేసిన ముడి బియ్యం. అడిగితే దుకాణం నడిపే అబ్బాయి ఈ సంగతి దాచకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది. గింజ రంగు ఏకరీతిగా ఉంది, నూకలు తక్కువ, రాళ్లు లేవు. గంటన్నర నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోసి వండితే అన్నం విడివిడిగా వచ్చింది. పప్పుతో, పులుసుతో బాగుంటుంది, పెరుగన్నానికి మాత్రం పనికిరాదు. రెండవ నెలలో తెచ్చినవి ముక్కవాసన వేశాయి. తవుడులో నూనె ఉంటుంది, మర పట్టిన కొద్ది వారాలకే అది చెడడం మొదలవుతుంది. తెల్ల బియ్యం పాతబడిన కొద్దీ రుచి, ముడి బియ్యం పాతబడితే వాసన. కనుక ఈ సరుకు అమ్మేవారు మర పట్టిన తేదీని సంచి మీద రాయడం కనీస ధర్మం, ఇక్కడ ఆ అలవాటు లేదు. తిరిగి తీసుకువెళితే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.

తవుడు పొర మాట తార్నాకలో కూర్చుని రాస్తున్నప్పుడు ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. జాతీయ పోషకాహార సంస్థ ఈ పేటలోనే ఉంది. దాని పుట్టుకకు కారణం తెల్ల బియ్యమే. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఆ తరువాత ఇప్పటి పేరు పెట్టుకుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, చివరకు గుండె బలహీనపడడం బెరిబెరి లక్షణాలు. మన ఉత్తర సర్కారు జిల్లాలలో మరాడించిన పచ్చి బియ్యం తినేవారిని అది పట్టి పీడించేది. అంతకు ముందు 1890లలో జావా దీవిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్ల బియ్యం మేసిన కోళ్లు కాళ్లు పడిపోయి, తవుడుతో ఉన్న బియ్యం పెడితే తిరిగి లేవడం గమనించాడు. ఆ దారిలోనే తవుడులోని థయమిన్ అనే విటమిన్ బయటపడింది, ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టి మరాడించే ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి, అది తినేవారికి ఆ జబ్బు బెడద తక్కువగా ఉండేది. తెలంగాణలో ఇన్ని ఉప్పుడు బియ్యం మిల్లులు ఉండి, ఆ బియ్యం మన వంటింటికి కాక ఇతర రాష్ట్రాలకు పోవడం విచిత్రమే.

అదే సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం, 100 గ్రాముల ముడి బియ్యంలో థయమిన్ 0.27 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యంలో 0.05 మాత్రమే. తేడా అయిదు రెట్లకు పైనే. అయితే పీచు సంగతి చూస్తే 4.43 గ్రాములకు 2.81, అంటే రెండు గ్రాములైనా తేడా లేదు. దుకాణంలో చెప్పేంత మహిమ ముడి బియ్యానికి లేకపోవడానికి కారణం ఇదే. బెరిబెరి కాలంలో ప్రశ్న బియ్యంలో ఏమి పోయింది అన్నది, మన కాలంలో ప్రశ్న కంచంలో బియ్యం ఎంత ఉంది అన్నది. 21 దేశాలలో 1,32,373 మందిని సుమారు తొమ్మిదిన్నరేళ్లు గమనించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములకు మించి వండిన తెల్ల అన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారికన్నా మధుమేహం వచ్చే అవకాశం 20 శాతం ఎక్కువగా కనబడింది. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం. ఇది చదివాక మా ఇంటి లెక్క చూసుకున్నాను. ముగ్గురం మనుషులం, 26 కిలోల బస్తా నెలకు ఒకటి. అంటే మనిషికి రోజుకు 290 గ్రాముల బియ్యం, వండితే అది 700 గ్రాములు దాటిన అన్నం. తెల్లదా ముడిదా అన్న చర్చ కన్నా ముందు తేలవలసిన లెక్క ఇది. కొనేవారికి ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ వేయరు, వేస్తే బేరం తగ్గుతుంది.

పక్కనే ఇంకొక సంచి మీద "షుగర్ లెస్ బియ్యం" అని రాసి ఉంది. అవి తెలంగాణ సోన, మన రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో రూపొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం. గ్లైసెమిక్ సూచీ 51.5గా తేలిన మంచి సన్న రకమే, రుచికి కూడా తీసిపోదు. కాని సూచీ తక్కువ అంటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుందని అర్థం గాని, అసలు చేరదని కాదు. ఆ పేరు నమ్మి రెండు పూటలకు మూడు పూటలు తినేవారు మా కాలనీలోనే ఉన్నారు.

ఇక కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు. ఈ దుకాణం ప్రధాన ఆకర్షణ ఇవే. ధర కిలోకు 120 నుంచి 180 రూపాయల దాకా ఉంది. నా ప్రధాన ఫిర్యాదు కూడా వీటి గురించే. ఈ అయిదింటికీ వడ్లకు ఉన్నట్టే గట్టి పైపొట్టు ఉంటుంది, అది తీయకుండా తినలేము. పైపొట్టు పోయాక గింజను అంటిపెట్టుకుని సన్నని తవుడు పొర, ఒక కొసన మొలక మిగులుతాయి. పీచు, ఖనిజాలు, బి విటమిన్లు, కొవ్వు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ పొరను కూడా మరలో రుద్ది తీసేస్తే గింజ నిగనిగలాడుతుంది, త్వరగా ఉడుకుతుంది, పురుగు పట్టడం తగ్గుతుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది. అమ్మేవారికి అన్ని విధాలా అనుకూలమే గాని, చివరకు చేతికి వచ్చేది మాత్రం తెల్ల బియ్యానికి తమ్ముడు. సంచి మీద "అన్‌పాలిష్డ్" అని ఉన్న కొర్రలను నేను ఇంటికి తెచ్చి కడిగితే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, నానబెట్టకుండానే పన్నెండు నిమిషాలకు మెత్తగా ఉడికిపోయాయి. తవుడు ఉన్న కొర్రలు అలా ఉడకవు. నాలుగైదు గంటలు నానితే గాని మాట వినవు, రంగు కూడా మట్టి కలిసినట్టు మబ్బుగా ఉంటుంది.

మరుసటి వారం వెళ్లినప్పుడు అడిగాను. "ఏం బాబూ, సంచి మీద పాలిష్ పట్టలేదని రాశారు, గింజ చూస్తే అద్దంలా మెరుస్తోందే?" అన్నాను. ఆ అబ్బాయి కొంచెం ఇబ్బంది పడి, "అమ్మా, మిల్లు నుంచి ఎట్లొచ్చిందో అట్లనే అమ్ముతున్నం. మీరన్న రకం ఒకసారి తెప్పిస్తే, నల్లగున్నయని, ఉడుకుతలేవని అందరు వాపసు తెచ్చిచ్చిన్రు" అన్నాడు. అబద్ధం ఆడలేదు. నూరేళ్ల కిందట బియ్యం విషయంలో జరిగిందే ఇప్పుడు కొర్రల విషయంలో జరుగుతోంది. తెల్లగా మెత్తగా ఉండాలని కొనేవారు కోరతారు, మరవారు అలాగే ఇస్తారు, పేరు మాత్రం పాతదే ఉంటుంది. రెండు వారాల తరువాత వెళ్లేసరికి కొర్రలకు రెండు సంచులు పెట్టి, ఒకదాని మీద "తవుడు ఉన్నవి, నానబెట్టాలి" అని అట్టముక్క మీద రాసి గుచ్చారు, ధర పది రూపాయలు ఎక్కువ. అది మెచ్చుకోదగిన పని. సామలకు, అరికెలకు మాత్రం ఇంకా ఆ అట్టముక్క రాలేదు.

సిరిధాన్యాల గురించి చెప్పే మాటలు అన్నీ ఉత్తవే అని నా అభిప్రాయం కాదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2021లో వెలువడిన ఒక సమీక్ష, అప్పటికి జరిగిన పలు అధ్యయనాలను కలిపి చూసి, చిరుధాన్యాల సగటు గ్లైసెమిక్ సూచీ 52.7 అని, మధుమేహం ఉన్నవారు వీటిని క్రమంగా తింటే పరగడుపు చక్కెర 12 శాతం, భోజనం తరువాతి చక్కెర 15 శాతం తగ్గాయని లెక్క తేల్చింది. తగ్గడం వేరు, బోర్డు మీద రాసినట్టు శాశ్వతంగా తీరిపోవడం వేరు. పైగా ఆ ఫలితాలు ధాన్యాన్ని ఏ రూపంలో తిన్నారన్న దాని మీద ఆధారపడతాయి. పిండి ఎంత మెత్తనైతే, ఎంత పలచగా జావ కాస్తే, అంత వేగంగా అరిగి గ్లూకోజుగా మారుతుంది. పందిరి కింద ఉదయం అమ్మే రాగి జావలో గ్లాసుకు రెండు పెద్ద చెంచాల బెల్లం వేస్తారు. నడకకు వచ్చినవారు అది ఆరోగ్యం కోసమని తాగి వెళుతుంటారు. మజ్జిగ కలిపి ఉప్పు వేసిన జావ అడిగితే ఇస్తారు గాని అడగాలి.

నా దృష్టిలో ఈ దుకాణంలో మేలైన సరుకు అయిదు సిరిధాన్యాలు కావు, వెనక మూలకు నెట్టిన మూడు సంచులు. జొన్నలు, సజ్జలు, తైదలు. కోస్తా వారు రాగులనే వాటిని మేము తైదలంటాము. వీటికి కొర్రలకు ఉన్నట్టు గట్టి పైపొట్టు ఉండదు, నూర్పిడిలోనే గింజ విడివడుతుంది కాబట్టి తవుడుతో సహా పిండి పట్టించుకోవచ్చు, అందులో మిల్లువారు చేయగల మాయ తక్కువ. జొన్నలలో 100 గ్రాములకు పది గ్రాములకు పైగా, తైదలలో పదకొండుకు పైగా పీచు ఉంటుంది. తైదలలో కాల్షియం 364 మిల్లీగ్రాములు. ధర కొర్రలలో సగం. ఆ అబ్బాయికి వీటి మీద మిగిలేది తక్కువ కాబోలు, ఎవరైనా అడిగితే గాని చూపించడు. కళ్ల ముందే మర పట్టి ఇస్తారు, సజ్జ పిండి మాత్రం పది రోజులకు మించి కొనకండి, చేదెక్కుతుంది.

మా అత్తమ్మది పాలమూరు పల్లె. ఆమె చిన్నతనంలో రోజువారీ తిండి జొన్న రవ్వ ఉడికించిన గట్క, తైద అంబలి. వరి అన్నం పండగ పూట, చుట్టం వచ్చిన పూట మాత్రమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది, బోరు బావుల కింద వరి పెరిగింది, జొన్న కంచంలో నుంచి నెమ్మదిగా జారిపోయింది. ఇప్పుడు 2025 ఉగాది నుంచి రేషను దుకాణంలోనే సన్నబియ్యం ఇస్తున్నారు. ఆకలి తీరిన మాట నిజం, ఆమె ఆ రోజులను ఏమాత్రం ముద్దు చేసి చెప్పదు. కిలో 180 రూపాయలు పెట్టి నేను అండుకొర్రలు తెచ్చిన రోజు సంచి తెరిచి చూసి, "గప్పుడు గట్క తిని పొద్దుగూకేదాక పొలంల వంగినం. మీరు గట్క తిని కుర్చీల కూసుంటే ఏమొస్తది?" అన్నది. ఈ విషయం మీద నేను చదివిన వాటిలో సగానికి పైగా ఆ మాటలో ఇమిడి ఉంది.

సాయంత్రం అయిదు గంటల తరువాత పందిరి కింద ఇద్దరు ఆడవాళ్లు చేసే జొన్న రొట్టెల కోసమైనా ఒకసారి వెళ్లవచ్చు. పొద్దున పట్టిన పిండిని మరిగే నీళ్లతో కలిపి, కర్ర వాడకుండా చేత్తోనే తట్టి, పెనం మీద తడి గుడ్డతో అద్ది, చివర నిప్పుల మీద పొంగిస్తారు. అంచు పగలదు, మధ్య పచ్చిగా ఉండదు. ఒకటి 20 రూపాయలు, వెల్లుల్లి కారం ఉచితం. నగరంలో సాయంత్రమైతే ఏ కూడలిలో చూసినా జొన్న రొట్టెల పొయ్యి కనిపిస్తుంది గాని, పిండి ఇంత తాజాగా ఉండడం అరుదు. రెండు రొట్టెలు, పాలకూర పప్పు ఉంటే మా ఇంట్లో రాత్రి భోజనం ముగుస్తుంది. కొర్ర ఇడ్లీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గట్టిగా ఉంటుంది, పల్లీ చట్నీ దాన్ని గట్టెక్కిస్తుంది.

ఇక అద్దాల బీరువా. ఇక్కడ నా అసంతృప్తి పూర్తిగా రాయవలసిందే, ఎందుకంటే దుకాణానికి వచ్చే తల్లులు పిల్లల కోసమని ఎక్కువగా కొనేది ఇక్కడి సరుకే. కొర్ర నూడుల్స్, రాగి బిస్కెట్లు, మిల్లెట్ మిక్చర్, చాక్లెట్ పూసిన సజ్జ ఉండలు. పొట్లం ముందు వైపు పచ్చని పైరు బొమ్మ, వెనక వైపు కంటికి ఆనని అక్షరాలలో అసలు సంగతి ఉంటాయి. మన దేశపు నిబంధనల ప్రకారం పదార్థాలను బరువు ఎక్కువగా ఉన్నది ముందుగా రాయాలి. నేను చూసిన రాగి బిస్కెట్ల పొట్లంలో మొదటిది శుద్ధి చేసిన గోధుమ పిండి, అంటే మైదా, రెండవది చక్కెర, మూడవది పామాయిల్. రాగి పిండి నాలుగవ స్థానంలో ఉంది. నూడుల్స్‌లో కొర్ర పిండి 22 శాతం, మిగిలిన భాగంలో అత్యధికం మైదాయే. ఇరానీ హోటల్లో చాయ్‌తో పాటు ఒక ఉస్మానియా బిస్కెట్ తింటే అది మైదా, వెన్న, చక్కెర అని తెలిసే తింటాము, కాబట్టి ఒకటి రెండుతో ఆపుతాము. రాగి బిస్కెట్లను మందు అనుకుని పొట్లం ఖాళీ చేస్తాము.

మైదా, చక్కెర, నూనెలకు రుచి కారకాలు చేర్చి కార్ఖానాలో తయారయ్యే తిండి గురించి 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందం ఒక పరీక్ష ఫలితాలను ప్రచురించింది. ఇరవై మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు కార్ఖానా తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు, ఎంత తినాలన్నది మాత్రం వారి ఇష్టానికి వదిలేశారు. కార్ఖానా తిండి తిన్న రోజుల్లో ఒక్కొక్కరు సగటున రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు, రెండు వారాల్లో 0.9 కిలోల బరువు పెరిగారు. మామూలు తిండి రోజుల్లో దాదాపు అంతే తగ్గారు. పరీక్ష చిన్నదే, కాలం తక్కువే. కాని ధాన్యం పేరు మార్చినంత మాత్రాన పొట్లం తిండి స్వభావం మారదని చూపడానికి అది నాకు చాలు. ఈ బీరువాలో నేను కొనదగినదిగా తేల్చినవి వేయించిన పల్లీలు, నువ్వుల పొడి, అంతే.

గానుగ నూనెలు వాసనకు నిజంగా మేలైనవి. పల్లీ నూనె లీటరు 340 రూపాయలు, నువ్వుల నూనె అంతకన్నా ఎక్కువ. గానుగలో పోసే పల్లీలు చూపించమంటే చూపిస్తారు, బూజు పట్టినవి నాకు కనిపించలేదు. అయితే గానుగదైనా రిఫైన్డ్ అయినా గ్రాము నూనెకు తొమ్మిది కేలరీలే. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో రెండు వేల కేలరీల తిండికి రోజుకు సుమారు 27 గ్రాముల నూనె చాలునంది. మా ముగ్గురికి నెలకు మూడు లీటర్ల లోపు. అంతకు ముందు మేము అయిదు లీటర్ల డబ్బా ఖాళీ చేసేవాళ్లం. గానుగ నూనెకు మారాక వాడకం దానంతట అదే మూడు లీటర్లకు దిగింది, ఈ నూనె వల్ల మాకు కలిగిన ఆరోగ్య లాభం చాలావరకు దాని ధర వల్ల కలిగింది. బెల్లం, తాటి బెల్లం, "సహజ చక్కెర" సంగతికి ఒక్క వాక్యం చాలు: వాటిలో ఉన్నది ప్రధానంగా చక్కెరే, రోజుకు 25 గ్రాములన్న హద్దు వాటికీ వర్తిస్తుంది.

ఇన్ని సరుకులున్న దుకాణంలో నాకు మొదటి ఆరేడు నెలలు దొరకనివి పప్పు గింజలు. అన్నం బదులు కొర్రన్నం, గోధుమ రొట్టె బదులు జొన్న రొట్టె, మైదా బదులు రాగి. ఎటు చూసినా పిండి పదార్థం బదులు పిండి పదార్థమే. దేశమంతటా లక్షా ఇరవై వేల మందికి పైగా పెద్దలను పరిశీలించిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ మధుమేహ సర్వే 2025లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, మనవారి తిండిలో 62 శాతం కేలరీలు పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి, మాంసకృత్తుల వాటా 12 శాతమే. తెల్ల బియ్యానికి బదులు మర పట్టిన గోధుమ పిండి, చిరుధాన్యాల పిండి తిన్నంత మాత్రాన, మొత్తం పిండి పదార్థాలు తగ్గకపోతే, మధుమేహం ముప్పు తగ్గినట్టు ఆ సర్వేలో కనబడలేదు. పిండి పదార్థంలో కొంత తీసి ఆ స్థానంలో పప్పులు, పాల ఉత్పత్తులు చేర్చితే ముప్పు తగ్గుతుందని తేలింది. పోషకాహార సంస్థ చెప్పిన కంచం కూడా అదే: రెండు వేల కేలరీలకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు. మా ఇంట్లో కూర అంటే అన్నంలోకి కొద్దిగా నంజుకునేది, కూరగాయలు ముగ్గురికి కలిపి అరకిలో కొనేవాళ్లం. ఈ లోటు పూడ్చింది సిరిధాన్యాల దుకాణం కాదు, మెహిదీపట్నంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడల్లా అక్కడి రైతు బజారు నుంచి మోసుకువచ్చిన ఆకుకూరలు, సొరకాయలు, చిక్కుళ్లు.

దీర్ఘకాలిక ఆరోగ్యం గురించి ఎనిమిది నెలల అనుభవంతో తీర్పు చెప్పడం నాకు తగదు. జరిగింది మాత్రం ఇది. బియ్యం బస్తా ఇప్పుడు రెండు నెలలు వస్తోంది. రాత్రి పూట అన్నం మాని జొన్న రొట్టె తింటున్నాము. మధ్యాహ్నం అన్నానికి సమానంగా కూర, పప్పు ఉంటున్నాయి. మా వారు రోజూ ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల కింద నలభై నిమిషాలు నడుస్తున్నారు. ఆరు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది, బరువు నాలుగు కిలోలు తగ్గారు. ఇందులో కొర్రల వాటా ఎంత, నడక వాటా ఎంత, తగ్గిన అన్నం వాటా ఎంత అని విడదీసే తరాజు నా దగ్గర లేదు. ఈ ఫలితం విని దుకాణదారు తన బోర్డు వైపు చూపించి నవ్వాడు. ఆ సమయంలో మా వారి చేతిలో ఉన్నవి కొర్రలు కావు, సొరకాయలు.

వెళ్లేవారికి కొన్ని వివరాలు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మూసేస్తారు. కారు నిలిపే చోటు లేదు. తూకం నమ్మదగినదే, ఇంటికి వచ్చి నాలుగు సార్లు తూచాను. పాత సరుకు వెనక్కి ఇస్తే తీసుకుంటారు, బిల్లు జాగ్రత్త పెట్టుకోవాలి. ధాన్యం కొనేటప్పుడు మర పట్టిన తేదీ నోటితోనైనా అడగండి. నేను మూడు నెలలు వరుసగా అడగడం వల్లనో, మరెవరైనా అడగడం వల్లనో, గత నెలలో గల్లాపెట్టె పక్కన కొత్తగా నాలుగు సంచులు చేరాయి: ఉలవలు, బొబ్బర్లు, పెసలు, నల్ల శనగలు. నిన్నటి నా బిల్లులో జొన్నలు మూడు కిలోలు, తవుడు ఉన్న కొర్రలు ఒక కిలో, పల్లీ నూనె ఒక లీటరు, ఉలవలు కిలో, పెసలు రెండు కిలోలు ఉన్నాయి. ఉలవల్లో మాత్రం రాళ్లున్నాయి, చెప్పి వచ్చాను.